లైనక్స్ దగ్గర ఆగిన శేఖర్ సార్

దిల్‌సుఖ్‌నగర్‌లో సీ లాంగ్వేజ్ చెప్పే శేఖర్ సార్ క్లాసుకు మెట్ల మీద నిలబడి నోట్సు రాసుకునేవాళ్లే నూటయాభై మంది. నమ్మితే నమ్మండి, లేకుంటే మీ ఖర్మ. నల్లగొండ నుంచి వచ్చిన సారు టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ నీలం తెర ముందే పదేళ్లు నెట్టుకొచ్చాడు. పొద్దున్నే వాకిలి ఊడ్చినట్టు ప్రతి ప్రోగ్రాం మొదట్లో స్క్రీన్ తుడవాలి, చివర్లో గెట్‌చ్ పెట్టి కీ నొక్కేదాకా ఆపాలి. అట్లా రాయనివాడికి మార్కుల్లేవు. "నా కోడ్ ఏ మిషన్లనైనా ఉరుకుతది" అని ఆయనంటే బెంచీలు సైతం తలూపేవి.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో కోచింగ్ సెంటర్‌కు తాళం పడింది. అప్పుడే ఎల్బీనగర్‌లో లారీలను తూచే వేబ్రిడ్జీలకు ప్రోగ్రాములు రాసే కంపెనీ ఉద్యోగానికి పిలిచింది. షరతు ఒక్కటే: సార్ ఇంట్లో రాసి తెచ్చే తూకం ప్రోగ్రాం వాళ్ల కొత్త కంప్యూటర్ల లైనక్స్‌లోనూ, పాత టర్బోలోనూ నడవాలి.

"గింతేనా! సాయంత్రానికి నౌకరీతోని వస్తా" అని భార్య స్వప్నకు చెప్పి, బస్సుల్లేని రోడ్డున నడుచుకుంటూ వెళ్లాడు.

పరీక్ష పెట్టడానికి కూర్చున్నది మృదుల. మూడేళ్ల కింద ఆయన శిష్యురాలే. పెన్‌డ్రైవ్ పెట్టి, సార్ తెచ్చిన ప్రోగ్రాంను లైనక్స్‌లో కంపైల్ చేసింది. ఎర్రర్లు ఊరేగింపులా బయల్దేరాయి. అన్నిటికంటే ముందు, స్క్రీన్ తుడిచే, కీ కోసం ఆగే ఫంక్షన్లుండే కోనియో హెడర్ లేదు.

"కోనియో లేదా? గిదేం మిషనమ్మా! ఇన్‌స్టాల్ చేయించు."

"అది సీ భాషలోది కాదండీ సార్. టర్బో వాళ్లు సొంతంగా పెట్టుకున్నది. అంకెను అక్షరాలుగా మార్చే ఐటోఏ కూడా అంతే."

"మరి పదేండ్లు చెప్పిన కదా!"

"చెప్పారండీ. ఇక్కడ చేరిన మొదటిరోజు నేనూ మీలాగే అరిచాను."

సారు రోషంగా కీబోర్డు లాక్కున్నాడు. టర్బో అయితే ఇది, లైనక్స్ అయితే అది అని లైనులైనుకూ షరతు పెట్టుకుంటూ పోయాడు. గంటకల్లా అందులో లారీ ఎక్కడుందో ఆయనకే దొరకలేదు.

"తేడాలన్నీ ఒక్క ఫైల్లో పడేయండి సార్. మిగతాదంతా అన్ని చోట్లా ఉండే ఫంక్షన్లతోనే రాయండి."

'నాకే చెప్తవా?' అన్న మాట నాలుక దాకా వచ్చింది. తాళం పడ్డ సెంటర్ గుర్తొచ్చి మింగేశాడు. ఐటోఏ పీకి, అదే పని చేస్తూ అన్ని చోట్లా దొరికే ఎస్‌ప్రింట్ఎఫ్ పెట్టాడు. స్క్రీన్ తుడవడం, కీ కోసం ఆగడం వేరే ఫైల్లోకి నెట్టాడు. ఈసారి లైనక్స్ కిక్కురుమనలేదు. తూకం చూపించింది. మూలనున్న టర్బో డబ్బా కూడా అదే తూకం చెప్పింది.

"సోమవారం చేరండి సార్. మా టీమే."

"నీ కిందనా?"

"మీకిష్టమైతేనేనండీ."

సారు పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఇష్టమే. గని జర, అందరి ముందట సార్ అనకు."

"మరేమనను?"

"పేరు పెట్టి పిలువు. ఎర్రర్ వస్తే తిట్టెటందుకు నీకు సులువుగుంటది."