తెరవడం ఒక ఎత్తు, మూయడం ఒక ఎత్తు

హెలికాప్టర్ దిగేసరికి ఉదయం ఏడున్నర. ఎండ ఉంది, వేడి లేదు. పోస్టు అంటే నాలుగు ఫైబరు గుడిసెలు, ఒక బంకరు, కిరోసిన్ పీపాలు, చుట్టూ మంచు. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైమాటే. ఎంత గట్టిగా గాలి పీల్చినా సగమే లోపలికి పోయినట్టుండేది. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసి పెరిగిన ఒళ్లు నాది. అక్కడ బూట్ల లేసు కట్టుకోవడానికి వంగితే ఆయాసం వచ్చింది.

ఇప్పుడు ఊళ్లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. "ఎంతమందిని కాల్చినవ్ సైదులన్నా?" అంటారు. ఆ పోస్టులో ఉన్నన్నాళ్లూ నేను ఎవరి మీదా తుపాకీ పేల్చలేదు. తుపాకీ కంటే ఎక్కువసార్లు చేతిలోకి తీసుకున్నది జేబులో పట్టే మడత కత్తిని. ఈ మాట చెబితే అడిగినవాళ్ల మొహం చిన్నబోతుంది. టీ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోతారు.

నేను హవల్దారును. అక్కడ తెలుగువాళ్లం ముగ్గురం. ముందు నడిచి దారి చూసే స్కౌటు మల్లేశ్‌ది తుంగతుర్తి దగ్గర ఊరు, గొర్రెల మంద ఉన్న ఇల్లు. రేడియో ఆపరేటర్ శీనుది కోదాడ. వాళ్ల నాన్న మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడుపుతాడు. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్ ఉత్తరాది కొండల మనిషి, మాట తక్కువ.

ఆయన మొదటి ఆర్డరు కత్తి గురించే. మంచు కింద పగుళ్లుంటాయి. లోతు ఎవరికీ తెలియదు. పైన పలచటి మంచు కప్పి ఉంటుంది కాబట్టి కంటికి కనపడవు. అందుకే అందరం ఒకే తాడుకు కట్టుకుని నడుస్తాం. సామాను వేసిన స్లెడ్జి బండిని ఒకడు నడుముకు వేరే తాడుతో కట్టుకుని లాగుతాడు. బండి పగులులో పడితే మనిషిని కూడా లాక్కుపోతుంది.

"బండి పడితే దాని తాడు కోసెయ్యండి. బండి పోతే ఇంకోటి వస్తుంది. ప్రతివాడి ఛాతీ జేబులో కత్తి ఉండాలి," అన్నాడు హిందీలో.

మంచు తుఫానుకు బయట అడుగు పెట్టలేని ఒక రోజు, ఎవరి కత్తి ఎంత తొందరగా తెరుచుకుంటుందో చూడాలన్నాడు. బంకరులో స్టవ్వు చుట్టూ కూర్చున్నాం. నాది సర్కారు ఇచ్చిన కత్తి. తెరిచిన పలక మూసుకోకుండా పట్టే లాకు లేదు, స్ప్రింగు మొండిది, గోరు పెట్టి లాగాలి. శీనుది చండీగఢ్ బజారులో కొన్నది. బొటనవేలితో బొడిపెను నెడితే పలక బయటికి దూకేది, పిడి లోపలి నుంచి సన్నటి ఉక్కు ఆకు ఒకటి లాకులా దాని వెనక అడ్డం పడేది. సుబేదార్ సాబ్ కత్తికి పిడిలో అడ్డంగా చిన్న కడ్డీ. దాన్ని వెనక్కి లాగి విదిలిస్తే పలక తెరుచుకునేది. మల్లేశ్‌ది సూర్యాపేటలో కొన్న పాత కత్తి. రెండు చేతులూ పెట్టి తెరవాలి. లాకు పిడి వెన్ను మీద ఉండేది.

వట్టి చేతులతో శీనే గెలిచాడు. టక్ మని శబ్దం వినిపించేసరికే పలక బయట ఉండేది. సుబేదార్ సాబ్ రెండు. మల్లేశ్, నేను చివర.

"చూశావా మల్లేశన్నా? నువ్వు తెరిచేలోపు నేను టీ తాగొస్తా," అన్నాడు శీను.

"కోతలు కొయ్యకు. పెద్ద గ్లౌజు ఏసుకొని తియ్యి, సూస్తం."

దుప్పటంత మందం గ్లౌజు తొడుక్కుంటే శీను బొటనవేలికి ఆ బొడిపె దొరకనే లేదు. మల్లేశ్ పడీ పడీ నవ్వాడు. "అంగట్ల అన్నీ ఉన్నయ్, అల్లుడి నోట్ల శని!" తను మాత్రం పలకకు ఒక తోలు ముక్క కట్టుకున్నాడు. దాన్ని పళ్లతో పట్టి పిడిని లాగాడు. మెల్లగానే తెరుచుకుంది కానీ గ్లౌజుతో తెరుచుకుంది.

తర్వాత మూసి చూద్దామన్నాడు మల్లేశ్. తెరుచుకుంటే చాలదా అన్నాడు సుబేదార్ సాబ్. మల్లేశ్ తనకొచ్చిన హిందీలో ఏదో చెప్పి, కుదరక మా వైపు తిరిగాడు.

"ముండ్లకంపల గొర్రె ఇరుకుతదన్నా. కంప కొట్టినంక రెండు సేతులతోని గొర్రెను పట్టాలె. ఇప్పిన కత్తి సేతుల ఉంటే గొర్రె కడుపులనే దిగుతది. మా బాపు నాకు మొదలు నేర్పింది మూసుడే."

మూయడంలో లెక్కలన్నీ తారుమారయ్యాయి. శీను కత్తి మూయాలంటే ఆ ఉక్కు ఆకును బొటనవేలితో పక్కకు నెట్టాలి, వేలేమో పలక దారిలోనే ఉంటుంది. సుబేదార్ సాబ్ కత్తిలో నూనె చలికి గడ్డకట్టి కడ్డీ మొరాయించింది. తర్వాత దాన్ని కిరోసిన్‌లో కడిగాం. నా కత్తికి లాకే లేదు, ఎప్పుడు వేళ్ల మీద మూసుకుంటుందో దానికే తెలియాలి. మల్లేశ్ మటుకు వెన్ను మీద లాకు నొక్కి, పలకను తొడకు ఆనించి ఒక్క తోపు తోసేవాడు. ఖతం. ఒంటిచేత్తో, చూడకుండా కూడా చేసేవాడు. గడియారం పట్టుకున్నవాడికి చూసే వ్యవధి కూడా ఉండేది కాదు.

అందరి కత్తులూ చూసి సుబేదార్ సాబ్ శీనుతో ఒక మాట అన్నాడు. "నీ ఆకు సందులో మంచు చేరితే లాకు పూర్తిగా పడదు. రోజూ తుడువు." శీను రోజూ తుడిచేవాడు, నేను చూశాను.

మల్లేశ్ ఎవరికీ కత్తి చేతికి ఇచ్చేవాడు కాదు. మూసి పెట్టె మీద పెట్టి "తీస్కో" అనేవాడు. మేమూ అంతే. మా దిక్కు ఉప్పు, కత్తి చేతికివ్వరు, ఇస్తే పగ వస్తుందంటారు. తెరిచిన కత్తి కింద పెట్టడం కూడా తప్పే. సుబేదార్ సాబ్‌కు ఇది పెద్ద తమాషా. "మీ ముగ్గురి మధ్య కత్తి నేల మీదనే ప్రయాణం చేస్తుందా?" అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు గాలి తగ్గింది. కింద సామాను నిల్వ చేసే డంపు నుంచి కిరోసిన్ తెస్తున్నాం. మల్లేశ్ ముందు, శీను నడుమ, నేను వెనక. బండి శీను నడుముకు కట్టి ఉంది. టైము పదకొండు దాటింది. మల్లేశ్ దాటాడు, శీను దాటాడు. బండి బరువుకు మంచు కూలింది.

నాకూ వాళ్లకూ మధ్య గదంత వెడల్పు పగులు తెరుచుకుంది. బండి అందులో వేలాడింది. శీను బోర్లా పడి వెనక్కి జారాడు. కాళ్లు, నడుము అంచు దాటి కిందికి పోయాయి. ఛాతీ పైన ఆగింది. నేను కూర్చుని మడమలు మంచులో దిగ్గొట్టి నా తాడు బిగబట్టాను. అవతల మల్లేశ్ మంచుగొడ్డలి దిగ్గొట్టి తాడు దానికి చుట్టాడు.

శీను పళ్లతో గ్లౌజు పీకేసి కత్తి తీశాడు. టక్ మంది. చెయ్యి వెనక్కి పెట్టి బండి తాడు మీద నొక్కాడు. లాకు పడలేదు. పలక వేళ్ల మీదికి మూసుకుంది. అరిచాడు. కత్తి కింద పడిపోయింది.

మల్లేశ్ పొట్ట మీద పాక్కుంటూ వచ్చి ఎడమచేత్తో శీను కాలరు పట్టుకున్నాడు. పళ్లతో తన కత్తి తెరిచాడు. కానీ బండి తాడు అతనికి అందలేదు. ఇంకాస్త ముందుకొస్తే ఆ బరువుకు అంచు విరుగుతుంది. శీనుకైతే అందుతుంది.

మల్లేశ్ కత్తిని తొడకు ఆనించి మూశాడు. శీను చేతి పక్కన మంచు మీద పెట్టాడు.

అక్కడ మంచు గాలికి గట్టిపడి గాజులా ఉంది. కత్తి జారింది. శీను దాని కోసం పక్కకు ఒరిగాడు. అంచు విరిగింది.

రెండు వైపుల నుంచీ తాడు పట్టుకునే ఉన్నాం. మనిషి కిందికి పడిపోలేదు, తాడుకే ఉన్నాడు. కానీ విరిగిన మంచు గడ్డలు అతని మీద పడ్డాయి. లోపల అతని ఛాతీ మీది రేడియో మాట్లాడుతూనే ఉంది. "ఏమైంది? జవాబివ్వు. ఏమైంది?" దూరం నుంచి చూసి సుబేదార్ సాబ్ మనుషులతో వచ్చి పైకి లాగేదాకా ఆ గొంతు ఆగలేదు. నర్సింగ్ అసిస్టెంటు శీను ఛాతీకి చెవి ఆనించి, తల ఎత్తి, మా ఎవరి వైపూ చూడలేదు. నేను ఏడ్చాను. కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి.

విచారణలో అంచు విరిగిందని తేల్చారు. అది నిజమే. కత్తి సంగతి ఎవరూ అడగలేదు.

మా వంతు అయిపోయి సెలవు మీద ఇద్దరం దిగొచ్చాం. మిర్యాలగూడ స్టేషన్లో దిగగానే మల్లేశ్ అన్నాడు, "కోదాడ పోదమన్నా. ఆల్ల నాయినకు చెప్పాలె."

"పోయినోడు తిరిగొస్తడా? ఆ ముసలాయనను ఎందుకు పరేషాన్ చేసుడు?"

"సేతికిస్తే బతుకుతుండె అన్నా. నాకు నిద్ర పడతలేదు."

శీను వాళ్ల నాన్న అప్పుడే లారీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా నిండా సిమెంటు దుమ్ము. కూర్చోమన్నా మల్లేశ్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. దాచింది ఏమీ లేదు.

"మా ఇంట్లోనూ అంతే బాబూ," అన్నాడు ఆయన. "చిన్నప్పుడు మామిడికాయ కోసే చాకు తెచ్చి నా చేతికిచ్చాడు. వీపు మీద ఒక్కటేశాను. కింద పెట్టరా అన్నాను. మళ్లీ జన్మలో ఇవ్వలేదు. నువ్వు చేతికిచ్చినా వాడు అందుకునేవాడు కాదు. నీ తప్పేం లేదు, వెళ్లి అన్నం తిను."

మల్లేశ్ నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చాడు. సూర్యాపేట బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు, మందను పెంచాడు, బాగున్నాడు. అతని పేరు, ఊరు ఇందులో మార్చి రాశాను. అతనెవరో మీరు పోల్చుకున్నా, దయచేసి ఇప్పుడు చెప్పబోయే ఈ చివరి మాట అతని దగ్గర అనకండి. ఆ రోజు ఆ ఇంట్లో నేను నోరు మూసుకున్నాను, ఇప్పుడైనా మూసుకునేవాణ్ణే, కానీ ఒక్కణ్ణే మోయలేకపోతున్నాను.

నేను అవతలి గట్టున ఎత్తులో కూర్చుని ఉన్నాను. అంతా కనబడింది. మల్లేశ్ తల వంచి, తొడ మీద కత్తి మూస్తున్నాడు. అప్పటికే శీను కుడిచెయ్యి అతని వైపు చాచి ఉంది. గ్లౌజు లేదు, వేళ్ల నుంచి రక్తం మంచు మీదికి కారుతోంది. అరచెయ్యి పైకి తిరిగి ఉంది.