వదినకొక పాత్ర

లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి మొదట వినిపించేది వదిన గొంతు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఆమెది. మెకానిక్ చేరేదాకా లోపలి మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. లైనులో పది సెకన్లకు మించి నిశ్శబ్దం ఉండకూడదన్నది అక్కడి నియమం. పదకొండేళ్లుగా ఆమె ఆ కుర్చీలో కూర్చుని, తాను చూడని పెట్టెలను ఊహించి చెబుతూ వచ్చింది: “బొత్తాల వరస కింద చిల్లులున్న పలక ఒకటి తగులుతుంది. గాలి అక్కణ్ణుంచే వస్తుంది, చెయ్యి పెట్టి చూడండి.” అవతలి మనిషి చెయ్యి పెట్టేవాడు. గాలి తగిలేది. ప్రాణం కుదుటపడేది. తలుపు తెరుచుకోగానే ఫోను పెట్టేసి తన దారిన తాను పోయేవాడు. ఆమె తర్వాతి ఫోను ఎత్తేది.

వదిన అన్నది ఆమె పేరు కాదు. మరిదీ ఆడపడుచూ అలా పిలుస్తుంటే విని విని, కింది వాటాలో కర్టెన్లు కుట్టే దర్జీ కూడా, వయసులో ఇరవై ఏళ్లు పెద్దవాడై ఉండీ, “వదినగారూ” అనడం మొదలుపెట్టాడు. భర్తకు ఆదివారాలు కూడా డ్యూటీయే. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరేది ఈ నలుగురే.

వాళ్లు ఆడే ఆటకు పటం ఉండదు, పావులుండవు. ఒకరు చెబుతారు: చీకటి సొరంగం, తుప్పు పట్టిన తలుపు, అవతల ఏదో గురక. మిగతావాళ్లు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. సందేహం వచ్చిన చోట పాచికలు తేలుస్తాయి. చెప్పే మనిషిని వీళ్లు ‘పెద్ద’ అనేవాళ్లు. ఏడేళ్లుగా పెద్ద వదినే. ఏడేళ్లలో మిగతా ముగ్గురూ కత్తులు తిప్పారు, మంత్రాలు వేశారు, నిధులు పంచుకుని పోట్లాడుకున్నారు. ఆమె గోడలను, గబ్బిలాలను, గురకలను చూసుకుంది.

కిందటి నెలలో ఆటలో గని పైకప్పు కూలి ముగ్గురి పాత్రలూ ఒకేసారి చచ్చిపోయాయి. కొత్త కథకు కొత్త నియమాలు కావాలన్నారు. వదిన అప్పుడే అంది: “ఈసారి నాకూ ఒక పాత్ర కావాలి.”

“పాత్రలకేం కొదవ వదినగారూ, సింకు నిండా ఉన్నాయి” అన్నాడు దర్జీ.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. “నేను ఆడతాను. ‘పెద్ద’గా మీలో ఎవరో ఒకరు కూర్చోండి” అంది. సరేనంటే సరేనన్నారు.

మరిది ఆట నియమాల పుస్తకాలు మూడు తెచ్చాడు. మూడూ పాతకాలపు పద్ధతివే, జిరాక్సు తీసి స్పైరల్ వేయించినవే. వాటిలో ఏది నిలుస్తుందన్నది మిగిలిన ముగ్గురికీ కాలక్షేపం. వదినకు మాత్రం ఏడేళ్లలో మొదటిసారి బల్లకు అటువైపు కూర్చునే దారి అది. అందుకే మూడింటినీ ఒకటే ప్రశ్న అడిగింది: పదడుగుల గోతిలో పడ్డవాడికి ఏమవుతుంది? జవాబులను ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుంది.

నడిమి పుస్తకం మొదటి రోజే పోయింది. అందులో కవచం అంకె ఎంత తగ్గితే అంత గట్టిదట. “తగ్గితే పెరిగినట్టా? నలభై ఏళ్లుగా గుడ్డ కోస్తున్నాను, అంగుళం తగ్గించి ఎవడికీ పెద్ద కర్టెన్ కుట్టలేదు” అని దర్జీ దాన్ని పక్కకు నెట్టేశాడు.

లావు పుస్తకం మూడు వందల పేజీలు. గోతికి పట్టిక ఉంది, తలుపు మందానికి పట్టిక ఉంది, గాలికి కాగడా ఆరిపోవడానికి కూడా ఉంది. సన్న పుస్తకం నలభై పేజీలు. అందులో గోతి మాటే లేదు. చివరి పేజీలో ఒక్క వాక్యం ఉంది: ‘ఇందులో లేనిది పెద్ద చెప్పినట్టు.’

“లావుదే తీసుకుందాం” అంది వదిన. “అన్నీ పుస్తకమే చెబుతుంది. దాన్ని పట్టుకుని ఎవరైనా నడపొచ్చు.”

“అయితే వచ్చే వారం నేను నడుపుతా, చూద్దాం” అన్నాడు మరిది.

ఆ ఆదివారం ఆమె తన పాత్రకుండే ఆరు గుణాల కోసం మూడేసి పాచికలు ఆరుసార్లు వేసింది. పాత పద్ధతిలో ఏ అంకె ఎక్కడ పడితే అదే, మార్చుకోవడానికి లేదు. బలం ఆరు, చురుకు పదహారు.

“ఆరా! సంచీ మోయలేదు ఈవిడ” అంది ఆడపడుచు.

“మోయదు. తాళాలు తీస్తుంది” అంది వదిన. పాత్ర పేరు రాసే గడిలో, ఎవరూ పిలవని తన సొంత పేరు రాసుకుంది.

గంటసేపు బాగానే నడిచింది. తాళాల మనిషి అందరికన్నా ముందు ఒక చిన్న గదిలోకి దూరింది. వెనక తలుపు దానంతట అదే మూసుకుంది.

“లోపల ఏముంది?” అని అడిగింది వదిన. ఆ ప్రశ్న తాను అడగడం ఇదే మొదటిసారి.

మరిది పేజీలు తిప్పాడు. “ఒక్క నిమిషం. గదుల పట్టిక... కాదు, ఇది గుర్రాల ధరలు.” ఇంకా తిప్పాడు. దర్జీ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆడపడుచు ఫోను వైపు చెయ్యి చాచింది. ఎవరూ మాట్లాడకపోవడం ఎంతసేపు సాగిందో వదినకు లెక్క అక్కర్లేకుండానే తెలిసింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

“గోడ తడిగా ఉంది. ఎడమ మూల మోకాలి ఎత్తున ఒక ఇనుప కడ్డీ ఊడొచ్చి ఉంది. దాని వెనకనుంచి నీళ్ల చప్పుడు.”

ఆడపడుచు చెయ్యి వెనక్కు తీసుకుంది. “ఎంత దూరంలో వదినా?”

అడిగింది మరిదిని కాదు. వదినకు అది అర్థమయ్యేలోపే జవాబు చెప్పేసింది. ఆ తర్వాత దర్జీ గది బయట ఇంకేముందని అడిగాడు. దానికీ చెప్పింది, మెట్లున్నాయని. కాసేపటికి మరిది లావు పుస్తకం మూసేసి, “హమ్మయ్య! వదినా, నా యోధుడు కూడా బయట కాగడా పట్టుకుని ఉన్నాడనుకో. నేనిప్పుడేం చెయ్యాలి?” అన్నాడు.

టీ తాగుతూ తేల్చేశారు: సన్న పుస్తకం.

“గోతికి కూడా జవాబు లేదు అందులో” అంది వదిన, కాగితం చూపిస్తూ.

“నువ్వున్నావు కదా!” అన్నాడు మరిది.

“పుస్తకానికేం తెలుసు వదినా, నువ్వు చెబితే చెవిలో నీళ్లు పారాయి” అంది ఆడపడుచు. “అసలు ఆ చివరి వాక్యం నీకోసమే రాశారు.”

“ఒప్పుకున్నారు కదా మీరు!” అంది ఆమె.

“ఒప్పుకున్నాం. మరిదిగారు కూర్చున్నారు కూడా” అన్నాడు దర్జీ. “ఆయన గుర్రాల ధరలు చదువుతుంటే మాట అందుకున్నది తమరే కదండీ.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తిట్టి ఉంటే తిరగబడేది. వాళ్లు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లతో పోట్లాడడం ఆమెకు చేతకాలేదు. పైగా ‘పెద్ద’ కుర్చీలో తనను ఎవరూ కూర్చోబెట్టలేదు, తన నోరే తీసుకువెళ్లి కూర్చోబెట్టింది. కప్పులు తీసి సింకులో పడేసింది.

తర్వాతి ఆదివారం సన్న పుస్తకం తెరిచి ‘పెద్ద’ కుర్చీలో కూర్చుంది.

“అవునొదినా, నీ తాళాల మనిషి ఏమైనట్టు?” అంది ఆడపడుచు.

పుస్తకంలో దానికి జవాబు లేదు. తీర్పు ఆమెదే. రాక్షసి తిన్నదనొచ్చు, కడ్డీ సందులోంచి జారి వెళ్లిపోయిందనొచ్చు. ఆమె ఆలోచించి చెప్పింది:

“ఆ గదిలోనే ఉంది. బతికే ఉంది. తలుపు లోపల్నుంచి రాదు, బయట్నుంచి మీలో ఎవరు భుజం వేసినా వస్తుంది. తీశారంటే మీతో నడుస్తుంది. అప్పుడు ఆమెను నేను ఆడాలి కాబట్టి ఈ కుర్చీలోకి మీలో ఒకరు రావాలి.”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దగా ఉన్న మనిషి ఇటు వెళ్లండి అటు వెళ్లండి అనకూడదు. ఆమె అనలేదు.

“తలుపంటే ఎంత, భుజం వేస్తే పోయేదే కదా” అన్నాడు దర్జీ, మరిది వైపు చూస్తూ.

“పోయేదే” అన్నాడు మరిది. సన్న పుస్తకం అట్ట మీద గోటితో గీశాడు. “కానీ ఇప్పుడే ఎందుకు? వానా ఎండా లేని చోట, జాగ్రత్తగానే ఉంది. తర్వాత వచ్చి తీద్దాం. నువ్వు పోయినసారి ఏవో మెట్లన్నావు కదా?”

“అన్నాను.”

“ముందు అవి చూసొద్దాం.” మిగతా ఇద్దరూ తలూపారు. దర్జీ కాస్త ఆలస్యంగా ఊపాడు. “ఎటు వెళ్తాయి వదినా అవి?” అన్నాడు మరిది.

ఆమె తన పేరున్న కాగితాన్ని సన్న పుస్తకం కిందికి జరిపింది.

“కిందికి” అంది. “మధ్యలో అరిగిపోయిన మెట్లు, చాలామంది దిగినవి. ఏడో మెట్టు దగ్గర మీ కాగడా మంట ఒక పక్కకు వాలుతుంది.”

“గాలా?” అన్నాడు దర్జీ, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

“గాలే. చెయ్యి పెట్టి చూడండి.”