నాన్న మీద పదిహేను మూటలు

నాన్నను సమాధుల తోటలో పెట్టిన మూడు నెలలకు వానలు మొదలయ్యాయి. దిబ్బగా ఉన్న మట్టి పళ్లెంలా గుంటపడింది. సమాధుల పండుగ ఇంకో వారంలో ఉంది. ఆ రోజు పెరంబూరులోని మా తెలుగు క్రైస్తవులందరూ కొవ్వొత్తులతో వచ్చి, ముందు తమవాళ్ల సమాధి చూసుకుని, తర్వాత పక్కవాళ్లది ఎలా ఉందో చూస్తారు. రెండో పనికే ఎక్కువ సేపు పడుతుంది.

మట్టి ఎత్తుగా పోసి పైన బంతి నారు పెట్టాలని అమ్మ పట్టుదల. నేను టేపు పట్టుకెళ్లాను. పొడవు ఆరడుగులు, వెడల్పు రెండున్నర, గుంటతో కలిపి ఎత్తు ఒకటి. మొత్తం పదిహేను ఘనపుటడుగులు. ఎర్రమట్టి మూటకు సుమారు ఒక ఘనపుటడుగు వస్తుందని నర్సరీలో చెప్పారు కనుక పదిహేను మూటలు లోడ్ ఆటోలో వేయించాను. బతికుండగా నాన్న ఎక్కడికి వెళ్లినా ఒక చేతిసంచీతోనే వెళ్లేవాడు.

మట్టి పోశాక, సమాధులు తవ్వే తాత రెండు బిందెల నీళ్లు కుమ్మరించాడు. పొడిమట్టి తడిస్తే దిగుతుందట, పావువంతు ఎక్కువే తెచ్చుకోవాలట. అంతవరకు బాగానే ఉంది. కానీ అంచుల్లో నాలుగు వేళ్లు దిగిన మట్టి, నడుమ జానెడు దిగింది.

“పెట్టె ఏం కట్టెమ్మా?” అని తాత అడిగాడు.

“టేకు” అంది అమ్మ గర్వంగా. “వీడే పోయి చూసి తెచ్చినాడు.”

తెచ్చింది టేకు కాదు. మేముండేది మూడో అంతస్తు. మెట్ల మలుపులు ఇరుకు, టేకు పెట్టెను దించడం నలుగురి వల్ల కాదు. అందుకని టేకు రంగు కాగితం అతికించిన తేలికది తెచ్చాను. లోపల బరువుండగా పైన బరువెందుకని దుకాణంలో జోకు కూడా వేశాను. అమ్మకు మాత్రం టేకనే చెప్పాను.

తాత నా వైపు చూశాడు. మూత కుంగితే మట్టి ఎలా దిగుతుందో ఆయనకు తెలుసు. ఆయనకు తెలిసిందని నాకూ తెలిసింది. ఇక అమ్మకు తెలియడమే మిగిలింది.

“తంబి లెక్క తప్పినాడమ్మా. ఇంకో ఆరు మూటలు పడతాది, అంతే” అన్నాడు తాత.

“ఇంజినీరింగ్ చదివినాడప్పా వీడు!” అమ్మ తల కొట్టుకుంది. “ఏందిరా, మీ నాయనకి కూడా మట్టి సరిగ్గా కొలవలేవా?”

“కంప్యూటర్ సైన్స్ మా. మట్టి సిలబస్‌లో లేదు.”

“నవ్వులాటకి ఇదా చోటు?”

ఆరు మూటలూ వచ్చాయి. పక్క సమాధికి సున్నం వేస్తున్న ఆంటీ కేకేసింది. “ఎక్కి తొక్కు నాయనా! అణిగితేనే నారు నిలిచేది. మేమందరం అట్నే చేసినాం.”

నేను ఎక్కలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మట్టిని అరచేతులతో మెల్లగా అద్దాను. అమ్మ కళ్లు తుడుచుకుంది.

“చూడక్కా, వాళ్ల నాయన మీద కాలు పెట్టడు. వానికి అంత భయం.”

భయం నిజమే. నా బరువు ఎనభై రెండు కిలోలు. ఆ మూత ఎంత మోస్తుందో దుకాణంలో అడగలేదు.