తెర మీద ‘యాడుండావప్పా’

ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అంటే బెంగళూరులోనే పుడుతుందని, బళ్ళారికి దుమ్ము పట్టడానికి మాత్రమే వస్తుందని అందరూ నమ్మేవాళ్లు. (నేనూ నమ్మాను. బెంగళూరులో నన్ను ఎవరూ నమ్మకపోవడంతో బళ్ళారిలోనే ఉద్యోగంలో చేరాను.) ఇవాళ మా కంపెనీ ప్రోగ్రాం నాలుగు ఖండాల గనుల్లో నడుస్తోందని చెప్తే, నా మాటల్లో సగం తీసేసి వినే అలవాటున్న మా బంధువులు అందులోంచి రెండు ఖండాలు తీసేస్తారు. పోనీలెండి, రెండు ఖండాలైనా తక్కువేం కాదు.

మా ఆఫీసు టైర్ల గోడౌను పైన ఉండేది. ఖనిజం మోసే లారీలు ఏ దారిలో ఎంతవరకు వచ్చాయో కంప్యూటర్ తెర మీద చుక్కలుగా చూపించడం మా పని. యజమానిని మేం చాటుగా టార్పాలిన్ సార్ అనేవాళ్లం. హగరి దగ్గర వ్యవసాయం, ఆ తర్వాత లారీలు, ఆ లారీలమ్మి ఈ కంపెనీ. ప్రోగ్రాంలో ఏ లోపం బయటపడినా ఆయన చెప్పే మందు ఒకటే: “ఇప్పటికి టార్పాలిన్ కప్పప్పా, రేపు చూస్తాం.” మా పనిని పరీక్షించే ఆమె తారానగర్ నుంచి వచ్చేది. మేమేం చూపించినా కన్నడంలో “ఇల్ల” అని ఒక్క మాటతో వెనక్కి పంపేది కాబట్టి ఆమె ఇల్ల మేడమ్.

లారీలో మేం బిగించిన పెట్టె నుంచి సిగ్నల్ రాకపోతే తెర మీద ఒక హెచ్చరిక రావాలి. అది రాసే పని నాకు పడింది. జిలేబీ అని మేం ముద్దుగా పిలుచుకునే డ్రైవరు ఒకడు రోజుకు రెండుసార్లు మాయమై నా ప్రాణం తీసేవాడు. ఆ కచ్చ కొద్దీ ఒక మధ్యాహ్నం ఇంగ్లీషు అక్షరాల్లో ‘యాడుండావప్పా’ అని రాసిపెట్టాను. ఇల్ల మేడమ్ చూసి ఇల్ల అంది. సాయంత్రానికి తీసేస్తానన్నాను. ఏ సాయంత్రమో చెప్పలేదు.

ఇంతలో చుట్టుపక్కల గనులు మూతపడ్డాయి. లారీలు వరసగా నిలిచిపోయాయి, వాటితోపాటు మా చుక్కలూ. అప్పుడు ఆస్ట్రేలియా గని కంపెనీ నుంచి ఒక అధికారిణి మా ప్రోగ్రాం చూడ్డానికి వస్తానని రాసింది. ఆమె ఊ అంటే బయటి దేశాలకు దారి తెరుచుకుంటుంది, లేదంటే బోర్డు దించేసి మేం ఆరుగురం ఇళ్లకు పోవాలి. (నాకు ఇంకో చిక్కు కూడా ఉండింది. ఆస్ట్రేలియాకు ఒకసారి వెళ్లొచ్చానని ఊళ్లో అప్పటికే చెప్పేశాను.)

ఆమె వచ్చి కూర్చుంది. ఆమెకు చూపించడానికే సండూరు నుంచి ఖాళీగా బయల్దేరదీసిన జిలేబీ లారీ, ఆకుపచ్చ చుక్కై బుద్ధిగా పాకుతూ వచ్చి, సరిగ్గా బండ్రి దగ్గర మాయమైంది. తెర ఎర్రబడింది. దాని మధ్యలో, నా చేతి చలవ, యాడుండావప్పా. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, ఇదేమిటని అడిగింది. నేను లేచి, అది ఉపగ్రహాల పనితీరుకు సంబంధించిన చాలా లోతైన పారిభాషిక పదమని మొదలుపెట్టాను. మూడు ఉపగ్రహాల పేర్లు కూడా చెప్పినట్టు గుర్తు.

టార్పాలిన్ సార్ నా భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. “నీ కతలు చాలు, సుమ్మనుండప్పా. ఈసారి కప్పొద్దు.” తర్వాత జిలేబీకి ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టాడు. “యాడుండావప్పా?”

“ఈడనే సార్, బండ్రిలో. బొరుగుల ఉగ్గాని తింటాండా. ఫోన్‌లో చార్జింగ్ లేకుంటే ఆ పెట్టె వైరు పీకి దీనికి పెట్టుకున్యా. మీరు ఫోన్ చేస్తే ఎత్తల్ల కదా.”

సార్ నన్ను నమ్మకుండా ఇల్ల మేడమ్‌ని ఇంగ్లీషులో చెప్పమని, అధికారిణికి తెలుగులోనే చెప్పాడు. “ఈ పిల్లోడు తుంటరితనంతో రాసినాడు, తప్పే. కానీ మా తావ బండి కనపడకుంటే మొదట అడిగే మాట ఇదేనమ్మా. బండి యాడుండాదని అడగం. నువ్వు యాడుండావప్పా అంటాం. బండి పోతే ఇంకోటి తెచ్చుకుంటాం.”

మేడమ్ మాట పొల్లుపోకుండా చెప్పింది. అధికారిణి తెర మీది ఆ మాటను వేలితో చూపించింది. తమ దగ్గరైతే ‘వాహనం సంఖ్య ఫలానా, స్పందన లేదు’ అని మాత్రమే వస్తుందట. ఆమె రెండు షరతులు పెట్టింది. చార్జింగ్‌కు వేరే వైరు ఇవ్వాలి. ఆ మాట మాత్రం తీయకూడదు. ఇల్ల మేడమ్ నావైపు చూసి మొదటిసారి ఇల్ల అనలేదు.

అలా మొదలైంది మా ఖండాల లెక్క. పోయినేడు ఒక దూరదేశపు గనిలో, మా ఊరంత లారీ దిగి వచ్చిన డ్రైవరు నన్ను చూసి “యదుందవాపా” అన్నాడు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. (దుమ్ము అని చెప్పాను.) నన్ను వెళ్లగొట్టవలసిన రోజున భుజం పట్టి కూర్చోబెట్టిన మనిషి ఇప్పుడు హగరిలో పొలం చూసుకుంటూ రోజుకోసారి ఫోన్ చేస్తాడు. వ్యాపారం ఊసెత్తడు. అదే ఒక్క ప్రశ్న. లోకమంతటికీ కతలు చెప్పే నేను ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం ఇంతవరకు నిజమే చెప్పాను.

(మొన్నటి సంగతి వదిలేయండి. డాక్టరు దగ్గరున్నానన్నాను. వెనకనుంచి బజ్జీల కొట్టువాడు “అన్నా, ఉగ్గాని ఇంగో ప్లేటా?” అని అరిచాడు.)