మెల్‌బోర్న్ విమానంలో నేను తాగని నీళ్లు

మెల్‌బోర్న్ నుంచి తిరిగొచ్చిన మర్నాడు పాల బూత్‌కి వెళ్లి వస్తూ, ఢిల్లీ ఆర్.కె. పురంలో మా క్వార్టర్ మెట్ల మధ్యలో ఆగిపోయాను. ఊపిరి అందలేదు. ఎడమ పిక్క వాచి రాయిలా బిగుసుకుపోయింది. ప్రయాణపు వాపే అనుకుని వేడినీళ్లలో కాలు పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఛాతీలో పొడుస్తున్నట్టు నొప్పి మొదలైంది. మా అమ్మాయి నా మొహం చూసి, "మమ్మీ, హాస్పిటల్ చలో, అభీ" అంటూ వాళ్ల నాన్నను పిలిచింది.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ మొదట అడిగారు, "ఎనీ లాంగ్ ఫ్లైట్ రీసెంట్లీ?" అని. మెల్‌బోర్న్ నుంచి ఢిల్లీకి పదివేల కిలోమీటర్ల పైనే. డైరెక్ట్ ఫ్లైట్ అయినా పన్నెండు గంటలు దాటుతుంది. మధ్యలో లేచి తిరిగారా, నీళ్లు తాగారా అన్నారు. రెండూ లేవు.

ఢిల్లీలో ఉండే తెలుగు ఆడవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. విజయవాడ వెళ్లే రైల్లో బాత్రూములకు భయపడి ముందురోజు నుంచే నీళ్లు తగ్గించేస్తాం. విమానంలోనూ అదే చేశాను. పైగా కిటికీ సీటు. పక్కన ఇద్దరూ నిద్రపోతున్నారు, లేపడానికి మొహమాటం.

డాప్లర్ స్కాన్‌లో కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టిన క్లాట్ కనిపించింది. అందులో కొంత ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని సీటీలో తేలింది. "పల్మనరీ ఎంబాలిజం" అన్నారు. ఐసీయూలో పెట్టి రక్తం పల్చబడే మందు ఎక్కించారు. భయం వేసింది, నా గురించి కాదు. మెల్‌బోర్న్‌లో మా అక్క కీమో మధ్యలో ఉంది. తనకు భర్త లేడు, పిల్లల్లేరు. అమ్మాయి బోర్డు పరీక్షలు అవగానే మళ్లీ వస్తానని మాటిచ్చి వచ్చాను.

ఇంటికొచ్చి కోలుకుంటున్నాననుకుంటే మళ్లీ ఆయాసం. క్లాట్ పూర్తిగా కరగలేదని, గుండె కుడివైపు ఒత్తిడి పడుతోందని చెప్పారు. "నో ఫ్లైట్స్ ఫర్ నౌ" అన్నారు డాక్టరమ్మ. సింగపూర్‌లో ఆగి వెళ్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

వీడియో కాల్‌లో అక్కకు చెప్పాను. "అంత దూరం వచ్చి నా పక్క మంచం ఎక్కుతావా ఏంటే? ఊరుకో" అని నవ్వింది. ఆ తర్వాత జబ్బు ముదిరి తన మాటలు తగ్గిపోయాయి. తన చివరి వారంలో అన్నీ మరుపే. ఒకరోజు నర్సు ఫోన్ పట్టుకుంటే, "ఎప్పుడొస్తున్నావే?" అని అడిగింది.

"బయల్దేరుతున్నానక్కా" అని అబద్ధం చెప్పాను. తల ఊపి కళ్లు మూసుకుంది.

అక్క పోయిన కొన్ని నెలలకు నా ఎకో రిపోర్టు చూసి డాక్టరమ్మ సంతోషంగా, "నౌ యూ కెన్ ఫ్లై" అన్నారు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. సంగతి మావారు చెప్పారు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటాను, పార్కులో నడుస్తాను. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. విమానం మాత్రం ఎక్కలేదు, ఎక్కాలని లేదు.

దూరప్రయాణం చేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. నీళ్లు తాగండి, మధ్యమధ్య లేచి నడవండి. కిటికీ సీటే దొరికితే పక్కవాళ్లను లేపండి. విసుక్కుంటారు, మళ్లీ నిద్రపోతారు. నేను లేపలేదు. మా అక్క దగ్గరికి వెళ్లలేకపోయాను.