ఊదకుండా మిగిలిపోయిన మేలుకొలుపు

ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో జగ్గారావు ఇల్లెక్కడని అడిగితే బెంగాలీ పిల్లలైనా, మన తెలుగు ముసలాళ్లైనా ఒక్కటే చెబుతారు: "బిగుల్ దాదా ఇల్లా? అదిగో, ఆ పసుపు గోడ." ఆయన పటాలం వదిలి వచ్చి పదిహేనేళ్లయింది. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

టెక్కలి పక్క పల్లె నుంచి తాత వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. తండ్రీ ఫిట్టరే. కొడుకునీ అక్కడే పెట్టాలని ఆయన ఆశ. కొడుకేమో పద్దెనిమిదేళ్లకు చెప్పాపెట్టకుండా సైన్యంలో చేరి బ్యూగిల్ పట్టుకున్నాడు, బెంగాలీల నోట అదే బిగుల్. "రైలింజను కూత సాల్లేదేట్రా నీకు?" అన్నాడట తండ్రి, మొదటి సెలవుకొచ్చిన కొడుకుతో.

చూడ్డానికి అదొక ఇత్తడి గొట్టం, అంతే. మీటలుండవు, కన్నాలుండవు. పలికేవి ఐదు స్వరాలు, అవీ పెదవుల బిగువుతోనే. ఆ ఐదింటితోనే పటాలం లేస్తుంది, తింటుంది, పడుకుంటుంది. మంచుకొండల మీద ఉన్నప్పుడు, ఇంటి మీద బెంగతో ముడుచుకుపోయిన జవాన్లు సాయంత్రాలు వచ్చి "జగ్గూ, ఏదైనా ఊదు" అనేవారు. ఐదు స్వరాలతో ఏమూదుతాడు పాపం? ఏదో ఊదేవాడు. తెల్లటి లోయలోకి ఆ కూత వెళ్లి, ఎక్కడో తగిలి, మెత్తబడి తిరిగొచ్చేది. వాళ్లు కళ్లు మూసుకుని వినేవారు. ఒకడికది అమ్మ పిలిచినట్టుండేది, ఇంకొకడికి పొలం గట్టు మీంచి ఎవరో కేకేసినట్టుండేది. జగ్గారావుకైతే ఖరగ్‌పూర్ యార్డులో వేకువన ఇంజను కూసినట్టే ఉండేది. ఆ మాట తండ్రికి మాత్రం ఏనాడూ చెప్పలేదు, మొండిఘటం.

చావులకూ ఆయనే ఊదాలి. సిపాయి పోతే పటాలంలో ఒక పద్ధతుంది. ముందు, రోజూ పడకల వేళ ఊదే పిలుపు ఊదుతారు, ఇక పడుకో నాయనా అని. తర్వాత రెండు నిమిషాలు ఎవరూ నోరు మెదపరు. ఆపైన పొద్దుటి మేలుకొలుపు. పడుకున్నవాణ్ని పడుకున్నట్టే వదిలేసి రాకూడదు, ఎక్కడో ఒకచోట వాడికి తెల్లారాలి. ఎన్ని పెట్టెల ముందు ఊదాడో జగ్గారావుకే గుర్తులేదు. ఒక్కసారీ పెదవి వణకలేదు.

వణికింది పోయిన శ్రావణంలో. అల్లుడు అమర్‌నాథ్ కూడా సిపాయే. ఈశాన్యాన కొండచరియ విరిగిపడి పోయాడు. పెళ్లయి మూడేళ్లు. అతనింటి దగ్గరి మైదానంలో జెండా కప్పిన పెట్టె దించారు. పటాలం నుంచి వచ్చిన బ్యూగిల్ జవానును పక్కకు జరిపి, "నా అల్లుడికి నేనే ఊదుతాను" అని తన బ్యూగిల్ తీశాడు జగ్గారావు. వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? పడుకోబెట్టే పిలుపు నిండుగా ఊదాడు. రెండు నిమిషాలు గడిచాయి. మళ్లీ బ్యూగిల్ ఎత్తి, ఎదురుగా కూతురు కళ్యాణి ముఖం చూశాడు. ఎవరో వస్తారన్నట్టు తలెత్తి ఆయన వైపే చూస్తోంది. అంతే, పెదవులు కలవలేదు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. బ్యూగిల్ దించేశాడు. సుబేదారు ఒకసారి చూసి, చూపు తిప్పుకుని, మిగతా తంతు జరిపించాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఊదడం అంతటితో అయిపోయిందనుకున్నారు. జగ్గారావుకి తెలుసు కదా, మనిషిని తినెయ్యడానికి అది చాలు. బ్యూగిల్‌ని పాత లుంగీలో చుట్టి అటక మీదకు తోసేశాడు.

కళ్యాణి పుట్టింటికొచ్చేసింది. ఏడవదు, అరవదు, పడుకుంటుంది. వర్క్‌షాపు సైరన్ మోగినా, ఎండ మంచం మీదకొచ్చినా లేవదు. తల్లి నూకాలమ్మ బతిమాలి కూర్చోబెడితే రెండు ముద్దలు తిని మళ్లీ దుప్పటి కప్పుకుంటుంది. శ్రావణం పోయి పుష్యం వచ్చినా అదే తీరు.

"పిల్ల కరిగిపోతంది. నువ్వేటీ సెయ్యవేటి?" అంది నూకాలమ్మ.

జగ్గారావు చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఆయనకు చేతనైన పని ఒక్కటే, ఆ ఒక్కటే చెయ్యలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం కూతురి పక్కన కూర్చున్నాడు. కళ్యాణి కళ్లు తెరవకుండానే, నిద్రలోంచి మాట్లాడినట్టు అంది.

"నాన్నా, ఆ రోజు రెండోది ఊదలేదు నువ్వు."

ఆయన మంచం మీదకు వంగాడు. "నీకెలా తెలుసమ్మా?"

"ఆయన సెలవుకొచ్చినప్పుడల్లా దాంతోనే కదా నన్ను లేపేవోడు. పిడికిలి నోటికాడ పెట్టుకుని, బుగ్గలు పొంగించి, సెవిలో ఊదేవోడు. తిట్టుకుంటా లేసేదాన్ని." దుప్పటి గడ్డందాకా లాక్కుంది. "ఆ రోజు వస్తాది, వస్తాదనే నిలబడ్డాను. రాలేదు. ఆయన్ని పడుకోబెట్టీసి వచ్చీసినాం. మరి నేనెలాగ లేస్తాను నాన్నా?"

"నీ మొకం సూసినానమ్మా. నోరు కలవలేదు," అన్నాడు జగ్గారావు. అని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. దుప్పటిలోంచి కళ్యాణి చెయ్యి వచ్చి ఆయన మోకాలి మీద పడింది.

ఆ సాయంత్రమే అటకెక్కాడు. వారం రోజులు పట్టాల పక్కకెళ్లి, గూడ్సు బండి పోయేటప్పుడే చూసుకుని ఊదాడు, తప్పులెవరికీ వినబడకుండా. ముందరి పన్ను ఒకటి ఈమధ్యే ఊడిపోయింది మరి, గాలి పక్కదారి పడుతుంది. తనను తానే తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు.

ఎనిమిదో రోజు తెల్లారుతుండగా డాబా ఎక్కాడు. వీధి, చెట్లు, నీళ్ల ట్యాంకు అన్నీ పొగమంచులో మునిగిపోయి, ఆ డాబా ఒక్కటే ఎక్కడో తేలుతున్నట్టుంది. స్టేషన్లో అనౌన్సుమెంటు కలవరింతలా వినబడుతోంది. కళ్లు మూసుకున్నాడు. ఆ మంచు కింద తను పడుకోబెట్టినవాళ్లంతా వరసగా ఉన్నారనుకున్నాడు, ఆ చివర అమర్‌నాథ్. ఊదాడు. మొదటి రెండూ నిలబడ్డాయి, మూడో స్వరం చీలింది. ఆపలేదు. తూలుతూ, ఊపిరి కూడదీసుకుంటూ చివరిదాకా ఊదాడు. యార్డులో ఏదో ఇంజను కూసింది. తండ్రి గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది.

పక్కింటి కిటికీ తెరుచుకుంది. "కీ హోలో దాదా?" అని, ఏమైందోనని కంగారుగా అడిగింది బెంగాలీ ముసలావిడ.

"ఏం లేదు దీదీ, తెల్లారింది," అన్నాడు బెంగాలీలోనే.

కిందికి దిగితే కూతురి మంచం ఖాళీగా ఉంది. దుప్పటి పటాలంలో పెట్టినట్టు చదరంగా మడతపెట్టి ఉంది. కళ్యాణి వంటగదిలో టీ కాస్తోంది, జుట్టు చెదిరి, చెంపల మీద నీళ్లు కారుతూ. నూకాలమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"మూడోది తప్పింది," అంది కళ్యాణి వెనక్కి తిరక్కుండానే.

"తప్పిందమ్మా."

"రేపు ఐదున్నరకే ఊదు నాన్నా. ఆయన ఐదున్నరకే లేపేవోడు."