ఆమె ప్యానెల్‌లో నా చోటు

మా తెలుగు సంఘానికి ప్రెసిడెంటుగా నిలబడమని ఆమెను ఒప్పించింది నేనే. అంతకుముందు అన్నేళ్లూ మగవాళ్లే ఆ కుర్చీలో కూర్చుని, వంటలూ ముగ్గుల పోటీలూ మాకు వదిలేసేవాళ్లు. ఈసారి నువ్వు నిలబడవే, నీ వెనకాల నేనుంటానన్నాను. వెనకాల కాదు, పక్కన ఉండు అంది. వైస్ ప్రెసిడెంటువి నువ్వేనని నోరు విప్పి అనలేదు గానీ నేను అలాగే అర్థం చేసుకున్నాను. నా స్థానంలో ఎవరున్నా అలాగే అర్థం చేసుకుంటారు.

ఇద్దరిదీ ఒకే జిల్లా, ఒంగోలు వైపు. ఇక్కడ ఆస్ట్రేలియాలో, క్వేకర్స్ హిల్‌లో ఇళ్లు కూడా ఒకే వీధిలో. వచ్చిన కొత్తల్లో నాకు నొప్పులు మొదలయ్యేసరికి మా ఆయన ఉద్యోగం పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. లేబర్ రూములో నా చెయ్యి పట్టుకుని నిలబడింది ఆమే. నేను డాక్టర్నీ, మా ఆయన్నీ, ఆస్ట్రేలియానీ కలిపి తిడుతుంటే నవ్వాపుకోలేక సతమతమైపోయింది. మా అమ్మాయిని నాకంటే ముందు ఎత్తుకుంది. తర్వాత మా ఇద్దరి పిల్లలూ ఎక్కడ ఆకలేస్తే అక్కడ తిని పెరిగారు.

నామినేషన్లకు ముందు ఒక ఆదివారం వాళ్ల పెరట్లో బార్బెక్యూ, ఇక్కడివాళ్ల మాటలో బార్బీ, పెట్టారు. సంఘంలో తలపండిన అంకుల్స్ కొందరు చికెన్ కాలుస్తూ గెలుపు లెక్కలు వేశారు. ప్రెసిడెంటు ఆంధ్రా అయితే వైస్ తెలంగాణ అయి తీరాలట. ప్రెసిడెంటు క్వేకర్స్ హిల్ అయితే వైస్ బ్లాక్‌టౌన్ వైపు నుంచి రావాలట. పైన ఆడమనిషి ఉంటే కింద మగమనిషి ఉండాలట, లేకపోతే బ్యాలెన్సు తప్పుతుందట. నేను కిటికీ దగ్గర పెరుగుపచ్చడి కలుపుతూ అన్నీ విన్నాను. అన్ని పరీక్షల్లోనూ ఫెయిలే నేను. ఒకే జిల్లా, ఒకే వీధి, ఇద్దరం ఆడవాళ్లం. మమ్మల్ని ఇన్నేళ్లు కలిపి ఉంచినవన్నీ అక్కడ నా తప్పులైపోయాయి. నాకు నవ్వే వచ్చింది. వీళ్ల మాట ఆమె వింటుందా అనుకున్నాను.

వింది. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, ఎప్పటిలా కుర్చీ లాక్కోకుండా వంటింటి గట్టుకు ఆనుకుని నిలబడింది. బ్లాక్‌టౌన్‌లో ఉండే కరీంనగర్ ఆయన్ని వైస్‌గా తీసుకుంటున్నానంది. ఆయన మాట మీద ఓటేసే కుటుంబాలు చాలా ఉన్నాయనీ, ఆయన లేకపోతే గెలవడం కష్టమనీ చెప్పింది. నేను స్టవ్ కట్టేసి, మరి నా సంగతేందే అని అడిగాను.

"నీదేముంది? నువ్వు నా మనిషివేగా. నీ ఓటెక్కడికి పోద్ది?" అంది.

చాలా మామూలుగా, కొంచెం ముద్దుగా కూడా అంది. అందుకే అంత లోతుగా దిగింది. నువ్వు పనికిరావు అని ఉంటే పోట్లాడేదాన్ని, నాకు పోట్లాట బాగా వచ్చు. ఎక్కడికీ పోని మనిషికి ఏమీ ఇవ్వక్కర్లేదని ఆమె అంత తేలిగ్గా అనేస్తే ఏం పోట్లాడను? టీ పెట్టనా అని అడిగాను. వద్దని వెళ్లిపోయింది.

పదవికి నిలబడేవాళ్లు పక్కన ఎవరిని పెట్టుకోవాలని నన్నెవరూ అడగలేదు, అయినా చెబుతాను. ఓట్లు తెచ్చేవాళ్లు కావాలి, కాదనను. కానీ వైస్ అనే పదవి ఉన్నదే ప్రెసిడెంటు లేని రోజు కోసం. తను మంచాన పడితే ఎవరికి అప్పగించి నిశ్చింతగా నిద్రపోగలదో ఆ మనిషిని పెట్టుకోవాలి. తను తప్పు చేస్తుంటే ఎదురుగా నిలబడి వద్దనే మనిషిని పెట్టుకోవాలి. అంకుల్స్ లెక్కల్లో ఇవేవీ లేవు.

ఆమె గెలిచింది. నేనూ ఆమెకే ఓటేశాను, నా ఓటు విషయంలో ఆమె పొరబడలేదు. గెలిచిన రోజు విందుకు మాత్రం తలనొప్పని చెప్పి వెళ్లలేదు. నాకెలా ఉందని ఆమె ఫోన్ చేస్తుందేమోనని చూశాను. చేయలేదు. తర్వాత వీధిలో కనబడితే కారు అద్దంలోంచి చెయ్యి ఊపుకోవడం దాకా వచ్చాం. "ఇట్స్ జస్ట్ ఎ కమిటీ, మమ్మీ" అంటుంది మా అమ్మాయి. కమిటీ కోసం ఎవరేడ్చారు?

వెస్ట్‌మీడ్‌లో ఒక ఆస్పత్రిలో, పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగం నాది. మొన్నామధ్య టీ విరామంలో ఫోన్ చూస్తే సంఘం గ్రూపులో వైస్ ప్రెసిడెంటు గారి మెసేజి ఉంది. మన ప్రెసిడెంటు గారికి ఈ ఉదయం గర్భసంచి తీసేసే ఆపరేషన్ బాగా జరిగిందనీ, ఆమె కోలుకునేదాకా సంఘం పనులకు తనను సంప్రదించమనీ రాశాడు. కింద ఆస్పత్రి పేరు ఉంది. నేనున్న బిల్డింగే. నా నెత్తి మీద అంతస్తులో ఆమెను కోసి కుట్టారు. ఆ సంగతి నాకు గ్రూపులో, అందరితో పాటు తెలిసింది.

పైకి వెళ్లాను. వాళ్లాయన నన్ను చూసి తడబడి, కాఫీ తెస్తానని బయటికి నడిచాడు. ఆమె మెలకువగానే ఉంది. పెదాలు ఎండిపోయి ఉంటే స్ట్రాతో కొంచెం నీళ్లు తాగించి, ఎందుకు చెప్పలేదే అని అడిగాను. మొహం గోడవైపు తిప్పుకుంది.

"చెప్తే నువ్వొస్తావు. వస్తే నీకు సారీ చెప్పాల్సి వచ్చిద్ది. అందుకే చెప్పలా."

వచ్చానుగా మరి. మంచం పక్కన నిలబడి ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అనుంటే ఇన్ని నెలల కోపం అక్కడే వదిలేసి ఆమె కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని, తెరిచి, దీపావళికి హాలు ఖాయమైందని ఆ కరీంనగర్ ఆయన గ్రూపులో ఏమన్నా పెట్టాడా అని అడిగింది.

పెట్టాడన్నాను. ఆమె నిద్రలోకి జారిపోయింది.

ఆయన అలాంటిదేమీ పెట్టలేదు. దుప్పటి సరిచేసి, మెట్ల దగ్గరికొచ్చి హాలు వాళ్లకు నేనే ఫోన్ చేశాను. ఆ తేదీ ఇంకా ఖాళీగానే ఉందట, మా సంఘం పేరు రాసుకోమన్నాను. కమిటీలో మీరెవరని అడిగింది అవతలి అమ్మాయి. ఎవర్నీ కానన్నాను. మరి ప్రెసిడెంటుకు మీరేమవుతారని అడిగింది. ఆమె మనిషినన్నాను, అడ్వాన్సు ఎంత కట్టాలో చెప్పమన్నాను.